నాలుగో క్లాంపు

తిప్పేష్ సంచి సర్దుకుంటున్నాడు. అడుగున రెండు ప్యాంట్లు పరిచాడు. వాటి మీద పాత తువ్వాలులో చుట్టిన, మిషన్ల వంకర కొలిచే డయల్ గేజీ పెట్టాడు. కాసేపు దాన్నే చూసి, మళ్లీ బయటికి తీసి కిటికీ గూట్లో పెట్టేశాడు. ఆ ఖాళీలో చొక్కాలు దూర్చాడు. చొక్కాల మీద వాళ్లమ్మ ఫోటో, ఫోటో పగలకుండా దాని మీద దుప్పటి.

గుమ్మంలో నిలబడి చూస్తున్న ఇంటి ఓనరు బయమ్మ ఊరుకోలేదు.

"ఏమప్పా, దాన్ని మర్చిపోతాండావు."

"మర్చిపోలేదత్తా. ఉండనీ."

"నాకేంటికి అది? నేనేమన్నా మిషన్లు తిప్పేదాన్నా? దోసె పెనం వంకరుండాదేమో చూసుకోవాల్నా దాంతో?"

తిప్పేష్ నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు. "చూసుకో. వంకరుంటే సూది కదుల్తాది."

"అయితే ఇంక ఆ పనే చెయ్యవా యాడా?"

"హోసూరులో మావోడొకడు గోడౌన్లో కావలి పని మాట్లాడినాడు. గేటు తీసేది, గేటు మూసేది. దాంట్లో ఎవురి చెయ్యీ పోదు."

బయమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని, "బస్సు ఎన్ని గంటలకు?" అని మాత్రం అడిగింది.

"మూడున్నరకు. బెంగుళూరులో దిగి హోసూరు బస్సు ఎక్కల్ల."

వారం వారం చదువుతున్నవాళ్లకు ఆ సంచి ఎందుకు సర్దాల్సి వచ్చిందో తెలుసు. ఈ వారమే పుస్తకం తెరిచినవాళ్లకు నాలుగు మాటలు చెప్పి ముందుకు పోదాం.

కొత్తచెరువు దాటి పెనుకొండ రోడ్డులో పోతే, ఊడలు దిగకుండానే ఎండిపోయిన శనక్కాయ చేల మధ్య దివాకర్ షెడ్డు కనిపిస్తుంది. లోపల ఆరు మిషన్లున్నాయి. కార్లలో వాడే అల్యూమినియం మూతలు అక్కడ తయారవుతాయి. పోతపోసిన ముక్కను మిషను మీద పెడితే, కట్టరు తొలిచేటప్పుడు అది కదలకుండా పట్టుకోవడానికి నాలుగు మూలలా నాలుగు హైడ్రాలిక్ క్లాంపులుంటాయి. ఒక్కోటి పిడికిలంత సిలిండరు. నూనె ఒత్తిడికి మెరిసే రాడ్డు లోపలికి దిగుతుంది. రాడ్డు తల మీదున్న ఇనప చెయ్యి పక్కనుంచి తిరిగి వచ్చి ముక్కను అదిమి పడుతుంది. మరీ గట్టిగా అదిమితే పల్చని ముక్క వంగి, తొలిచిన రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. వదులుగా పడితే కట్టరు ఆ ముక్కను విసిరి కొడుతుంది. ఆ రెండింటి మధ్య ఎంత ఒత్తిడి ఉండాలో తెలిసినవాడు సెట్టరు. పదహారేళ్లుగా తిప్పేష్ చేస్తున్న పని అదే.

దీపావళికి రెండు రోజుల ముందు మూడో మిషను మీద ముక్క ఎగిరింది. ఆ మిషను నడుపుతున్నవాడు ఆంజనేయులు. ఇరవై మూడేళ్లవాడు. ముక్క తగిలి నలిగిన అతని కుడిచేతిని బెంగుళూరు ఆసుపత్రిలో మణికట్టు కిందికి తీసేశారు. విచారణలో పంపు దగ్గరున్న ఒత్తిడి గేజీ చూస్తే, మిషను కార్డు ప్రకారం యాభై ఉండాల్సిన ఒత్తిడి ముప్పై అయిదు ఉంది. పల్చని ముక్కలు వంగుతున్నాయని తిప్పేషే శ్రావణంలో తగ్గించాడు. తగ్గించడం నేను చూశానని అందరి ముందూ చెప్పింది ఆంజనేయులు అక్క జయంతి. అదే షెడ్డులో, క్లాంపుల్లోంచి నూనె కారకుండా ఆపే రబ్బరు సీళ్లు మార్చే పని ఆమెది. మిషనుకున్న రక్షణ తలుపు తెరిచిపెట్టి నడిపించే అలవాటు ఆ షెడ్డుకు ఎవరు నేర్పారో మాత్రం విచారణలో ఎవరూ అడగలేదు. అక్క మాట పూర్తికాకముందే ఆంజనేయులు కుర్చీలోంచి లేచి, మిగిలిన ఎడమచేత్తో తిప్పేష్ చెంప మీద కొట్టాడు. తిప్పేష్ తల వంచుకుని, "తప్పు నాదే" అన్నాడు.

పోయిన వారం మనం ఆగింది అక్కడే.

ఆ శనివారం పూట జయంతి పనికి వచ్చిందే కానీ, మనసు పనిలో లేదు. తిప్పేష్ ఈ రోజు పోతున్నాడని ఆమెకు తెలుసు. ఎవరైనా ఊరు విడిచి పోతున్నారంటే చాలు, బస్సు కదిలే వేళ దాకా ఆమె గడియారమే చూస్తుంటుంది. పోయేవాడు తమ్ముడి చెయ్యి తీసిన మనిషే అయినా అంతే. ఎనిమిదేళ్ల కిందట ఈ షెడ్డులో ఊడ్చే పనికి వచ్చినదాన్ని, "నీ వేళ్లు సన్నగుండాయి, సీళ్లు బాగా ఎక్కిస్తావు. రా, నేర్పిస్తా" అని కూర్చోబెట్టినవాడు తిప్పేష్. అప్పటినుంచీ నోరారా అన్నా అనే పిలిచింది. అటువైపు రక్తం పంచుకున్న తమ్ముడు. అమ్మ పోయినప్పుడు వాడికి ఏడేళ్లు, తనకు పదహారు. పెళ్లి మాట ఎత్తినవాళ్లందరితో, వాడు ఒక దారికి రానీ అంటూ వచ్చింది.

స్టోరు చూసే లింగప్ప ఒక ట్రే మోసుకొచ్చి ఆమె బల్ల మీద దించాడు.

"డాక్టరమ్మా, పేషెంట్లొచ్చినారు."

ట్రేలో నాలుగు క్లాంపులున్నాయి. మూడో మిషనువి. ప్రమాదం జరిగిన రోజునుంచీ వాటిని బిగించిన ఫిక్చరు స్టోరులో మూలన గుడ్డ కప్పుకుని పడి ఉంది. గేజీయే సాక్ష్యం చెప్పింది కదా అని వీటిని ఎవరూ విప్పి చూడలేదు.

"ఇవేంటికి మామా ఇప్పుడు?"

"దివాకర్ సారు చెప్పినాడు. సోమారం నుంచీ మూడో మిషను నడవాలంట. నాలుగిటికీ సీళ్లు మార్చి పెట్టు."

"నాకు చేతులాడవు మామా. బేరే ఎవురికన్నా ఇయ్యి."

"ఇంగెవురుండారు? నేను ఎక్కిస్తే సీలు కాదు, మురుకు అయితాది." లింగప్ప గొంతు తగ్గించాడు. "బిన్నా చేసేసి ఇంటికి పో. ఈ పొద్దు అరపూట షిఫ్టే కదా."

ఆమె మొదటిది విప్పింది. సీలును తీయడానికి ఇనప వస్తువు వాడదు. గీత పడుతుందని వెదురు పుల్ల వాడుతుంది. పాత సీలు నల్లగా, నున్నగా చెక్కు చెదరకుండా ఉంది. రెండోదీ అంతే. మూడోదీ అంతే. కొత్త సీళ్లను వేడినూనెలో ముంచి, చిక్కుడు గింజలా మడిచి లోపలికి దూర్చి, వేలితో చుట్టూ సర్దింది. ఆ పని చేతులకు అలవాటే. మనసు మాత్రం మూడున్నర బస్సు దగ్గరే ఉంది.

నాలుగోది విప్పింది.

రాడ్డును బయటికి లాగగానే వేళ్లకు తెలిసింది. నున్నగా జారి రావాల్సినది గరగరమంటూ వచ్చింది. కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుగులో పెట్టి చూసింది. పిల్లి గీరినట్టు పైనుంచి కిందికి సన్నని గీతలు. వెదురు పుల్లతో సీలు తీసింది. రాడ్డును పట్టి ఉండే దాని పెదవి ఒకచోట చీలి ఉంది. చీలిక లోపల, సీలు కూర్చునే గాడి పొడుగునా, నూనెలో నానిన ముద్ద పేరుకుని ఉంది. అది ఇనప పొడి కాదు, అల్యూమినియం పొడి కాదు. పుల్లతో కొంచెం తీసి తెల్లకాగితం మీద రాసింది. ఎర్రగా సాగింది. ఎరుపు కింద బూడిద రంగు, దాని కింద పసుపు.

వాసన చూడాల్సిన అవసరం లేకపోయినా చూసింది. నూనె వాసన చాటున గంధం వాసన వచ్చింది.

జయంతి బల్ల పట్టుకుని కూర్చుంది.

ఆయుధపూజ రోజు అది. ఏడాదిన్నరగా ముక్కలు మోస్తూ, అంచులు గీకుతూ ఉన్న ఆంజనేయులుకు ఆ పండక్కే మూడో మిషను ఇచ్చారు. ఏటా మిషన్లన్నిటికీ లింగప్పే ముందువైపు రేకు మీద బొట్లు పెడతాడు. ఆ ఏడు జయంతి అడ్డం వచ్చి, "మా తమ్ముని మిషనుకు నేను పెడతా మామా" అంది. తెల్లారకముందే లేచి తలకు పోసుకుని, ఇంట్లోనే గంధం అరగదీసి తెచ్చింది. మూడు క్లాంపులకు ఇనప చేతుల మీద బొట్టు పెట్టింది. నాలుగోది తలుపు పక్కన, ఆపరేటరు నిలబడే వైపు ఉంటుంది. రోజంతా తమ్ముడికి దగ్గరగా ఉండేది ఇదే కదా అనుకుంది. దానికి మాత్రం అద్దంలా మెరుస్తున్న రాడ్డుకే, మనిషి నుదుటికి పెట్టినట్టు, మూడు వేళ్లతో విభూతి తీర్చింది. మధ్యలో గంధం, గంధం మీద కుంకుమ. చేతులు జోడించి, "నా తమ్మున్ని చూసుకో" అని చెప్పింది కూడా.

రాడ్డు మీద వెంట్రుకంత గీత పడకూడదని, గుడ్డకు అంటిన దుమ్ము కూడా శత్రువేనని కొత్తగా వచ్చే ఆడవాళ్లకు చెప్పేది తనే. ఆ రోజు ఆమె కంటికి అది రాడ్డులా కనిపించలేదు.

రెండు రోజుల సెలవులో గంధం రాయిలా ఎండింది. మిషను మొదలయ్యాక రాడ్డు లోపలికి దిగిన ప్రతిసారీ దాన్ని కొంచెం కొంచెం లోపలికి ఈడ్చుకుపోయింది. విభూతి సీలును కోసింది. నూనె కారింది. పంపు దగ్గరున్న గేజీ ముప్పై అయిదే చూపిస్తూ ఉంది, నాలుగో క్లాంపు మాత్రం ముక్క మీద పట్టు వదులుతూ వచ్చింది. తిప్పేష్ పెట్టిన ముప్పై అయిదుతో శ్రావణం నుంచి దసరా దాకా ఒక్క ముక్క కూడా కదల్లేదు. ఆ సంగతి విచారణలో ఎవరికీ తట్టలేదు. ఆమెకూ తట్టలేదు.

"ఏమ్మే, అట్ల కూకున్యావు?" లింగప్ప వచ్చి కాగితం చూశాడు. వంగి చూశాడు. ఏటా బొట్లు పెట్టే చెయ్యి అది. వివరించి చెప్పే పని లేకపోయింది. కాగితాన్ని ఆమె వైపే తోశాడు.

"కడిగెయ్."

"మామా..."

"కిరసనాయిలు ఈడనే ఉండాది. గాడి కడుగు, కొత్త సీలెయ్యి. నేనేమీ చూడలేదు. ఆయప్ప ఎట్లాగూ పోతాండాడు. తప్పు పోయేవాని మీద ఉంటే ఎవురికీ నొప్పి లేదు. నీ తమ్మునికి తెలిస్తే ఏమయితాదో నువ్వే ఆలోచన చెయ్."

"తిప్పేషన్న ఇంక మిషను ముట్టనన్నాడంట మామా. తన చేతుల్తోనే వాని చెయ్యి పోయిందనుకోని పోతాండాడు."

"పోనీ. బతుకుతాడు. గేటు కాడ కూకోని బతకతాడు. నీ తమ్ముడు ఎట్ల బతకతాడు చెప్పు? ఇప్పుడు వాడు అన్నం తింటాండేదే ఆయప్పను తిట్టుకోని. అది గూడా తీసేస్తావా?"

ఆ మాట నిజమని జయంతికి తెలుసు. కిరసనాయిలు డబ్బా మూత తీసింది. సీలును దాని మీద పట్టుకుంది. జారవిడిస్తే చాలు. తమ్ముడు తనకు మిగులుతాడు. రోజూ పొద్దున్నే లేచి, అన్యాయంగా ఒక మనిషిని పంపేశానని ఒక్కతే మోసుకోవాలి, అంతే. ఆమె చెయ్యి అలాగే ఎంతసేపుందో లింగప్పకు కూడా తెలియదు. అతను చూడలేక బయటికి పోయాడు.

తిరిగి వచ్చేసరికి ఆమె లేదు. డబ్బా మూత పెట్టి ఉంది. బల్ల మీద రాడ్డు ఉంది. సీలు లేదు, కాగితం లేదు.

కొత్తచెరువులో అక్కాతమ్ముళ్లది ఒక్క గది ఇల్లు. అదే సందులో మూడిళ్ల అవతల బయమ్మ ఇల్లు, దాంట్లో తిప్పేష్ గది. ఆసుపత్రి నుంచి వచ్చినప్పటినుంచీ ఆంజనేయులు ఆ గది వైపు ముఖం పెట్టి గుమ్మంలో కూర్చోవడం, తిప్పేష్ బయటికి వస్తే వినిపించేలా ఉమ్మడం సందులో అందరూ చూస్తూనే ఉన్నారు.

అక్కను చూడగానే ఆంజనేయులు హుషారుగా లేచాడు.

"ఏమక్కా, బిన్నా వచ్చినావు! ఆ దొంగ ఈ పొద్దు పోతాండాడంట, ఇన్యావా? సంచి సర్దినాడంట. బస్టాండుకు పోదామా? చెయ్యి ఊపి పంపించొస్తా. ఈ చెయ్యి." కట్టు కట్టిన మణికట్టు పైకెత్తి ఊపాడు. "దీన్ని ఊపితే జన్మలో మర్చిపోడు."

"అట్ల మాట్లాడొద్దు అంజీ."

"నీకేమి, అన్నా అన్నా అని ఎనకాల తిరిగినావు. ఆకలయితాండాది, పెట్టు."

సంగటి ముద్ద, ఊరిబిండి పచ్చడి, గోంగూర పప్పు. ఎడమచేత్తో తినడం అతనికి ఇంకా రాలేదు. అన్నం చిందితే సిగ్గుపడి కంచం తోసేసేవాడు. అందుకని ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు మొదలు జయంతే తినిపిస్తోంది. ముద్ద తుంచి, పప్పులో అద్ది, నోటి దగ్గర పెట్టింది. ఒక ముద్ద తిన్నాడు. రెండో ముద్ద తిన్నాడు. మూడోది తుంచి ఆమె ఆగిపోయింది. తన వేళ్లనే చూసుకుంటోంది.

"ఏమాయ?"

"అంజీ, నీకొకటి చెప్పల్ల."

"తిన్నాక చెప్పు."

"తిన్నాక చెప్పలేను నాయనా."

చెప్పింది. ఎడమచేత్తో కాగితం విప్పి సీలు చూపించింది. ఎర్రగా సాగిన మరక చూపించింది. ఆయుధపూజ రోజు తను నిలబడిన చోటు చెప్పింది, చేతులు జోడించి ఏమని మొక్కుకుందో కూడా చెప్పింది. ఏదీ దాచలేదు. ఎక్కడా ఏడవలేదు. ఏడిస్తే తమ్ముడు తనను ఓదార్చాల్సి వస్తుందని, ఆ అర్హత తనకు లేదని పళ్లు బిగించుకుని చెప్పింది.

ఆంజనేయులు సీలు వైపు చూడలేదు.

"ఏ వేలితో పెట్టినావు?"

"ఆఁ?"

"బొట్టు. ఏ వేలితో?"

ఆమె కుడిచెయ్యి ముందుకు చాపింది. సంగటి అంటిన ఉంగరం వేలు. ఆంజనేయులు దాన్ని చూస్తూ ఉండిపోయాడు. బయట సందులో ఎవరో మేకను అదిలిస్తున్నారు. అరుస్తాడు, కంచం విసురుతాడు, చెంప మీద కొడతాడు అని ఆమె ఎదురుచూసింది. కొడితే బాగుండుననుకుంది.

"అది పెట్టు" అన్నాడు.

"ఏంది?"

"చేతిలో ముద్దుండాది కదా, పెట్టు."

ఆమె పెట్టింది. అతను నోరు తెరిచి తీసుకున్నాడు. నమిలి మింగాడు. "చాలు" అన్నాడు.

"ఏదన్నా అను అంజీ. గమ్మునుండొద్దు."

"తుడిచింటే సరిపోయేదా అక్కా?"

"నూనె గుడ్డతో ఒక్కసారి తుడిచింటే చాలు. నేనే తుడవల్ల. నాకు తెలిసిన పనే అది."

"నేను తుడవబోయినా."

ఆమెకు అర్థం కాలేదు.

"పండగ అయినంక పొద్దున మిషను ఎక్కినప్పుడు. గుడ్డ తీసుకున్యా. తిప్పేషన్న చెప్పినాడు కదా, పని మొదలు పెట్టేముందు నాలుగు రాడ్లూ తుడవాలని. మూడు తుడిచినా. నాలుగోదాని మీద నీ బొట్టుండాది. అక్క పెట్టింది కదా, చెరిపేస్తే మంచిది కాదు అనుకున్యా. దాన్ని ఇడిచిపెట్టినా." ఆంజనేయులు మాట ఎక్కడా పైకి లేవలేదు. ఎవరికో జరిగిన సంగతి చెబుతున్నట్టుంది. "రోజూ చూస్తాంటి. రోజూ కొంచెం తక్కువయితాంటే, అయ్యో చెరిగిపోతాండాదే అనుకుంటాంటి."

జయంతి ఇంక పళ్లు బిగించుకోలేకపోయింది.

"ఏడవద్దక్కా. నీది తప్పయితే నాదీ తప్పే కదా." కంచం పక్కకు జరిపాడు. "ఆయప్పది కాదు. ఆయప్పదే కాదు. నేను అందురి ముందర చెంప మీద కొట్టినా. తిరిగి ఒక మాట అన్లేదు. తప్పు నాదే అన్యాడు. రోజూ గుమ్మంలో కూకోని ఉమ్మినా. తల వంచుకోని పోయినాడు. మా నాయన ఉండింటే గూడా అంత ఓర్చుకునేటోడు కాదు."

"తెలీక చేసినావు."

"తెలీకుంటే ఉమ్మింది ఉమ్మింది కాదా?" గోడ గడియారం చూశాడు. మూడుకు పది నిమిషాలుంది. "పో అక్కా. బస్సు కదలకముందే పో. ఆయప్పను దింపుకోని రా. ఇంటికి పిల్చుకోని రా. నేను కాళ్లు పట్టుకుంటా."

"నువ్వు గూడా రా."

"బస్టాండులో అందురూ నా చెయ్యే చూస్తారు. నాకు నామోషి. నువ్వు పో."

ఆమె గుమ్మం దాకా పోయి వెనక్కి వచ్చింది. "అంజీ, యాడికీ పోవు కదా?"

"యాడికి పోతానక్కా?"

"నా మీద ఒట్టెయ్యి."

"బస్సు పోతాది. పో."

రోడ్డు మలుపు దాకా పోయి మళ్లీ వెనక్కి చూసింది. ఆంజనేయులు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. పో అన్నట్టు ఎడమచెయ్యి ఊపాడు. అతను ఒట్టు వెయ్యలేదన్న సంగతి ఆమెకు బస్టాండు దగ్గర పడ్డాక గుర్తొచ్చింది. అప్పటికి బెంగుళూరు బస్సు ఇంజను మోగుతోంది.

తిప్పేష్ వెనకనుంచి మూడో సీట్లో, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. జయంతి రొప్పుతూ ఎక్కింది.

"అన్నా, దిగు."

తిప్పేష్ బెదిరిపోయాడు. "ఏమాయమ్మా? అంజికి ఏమన్నా..."

"దిగన్నా, నీ పుణ్యముంటాది." కాగితం విప్పి అతని ముందు పెట్టింది. "నాలుగో క్లాంపుది. ఈ పొద్దే విప్పినా. బొట్టు నాది. నేనే రాడ్డు మీద పెట్టినా, పండగ రోజు."

తిప్పేష్ సీలును వెలుగుకు ఎత్తి పట్టుకున్నాడు. చీలిన పెదవిని గోటితో తడిమాడు. ఎర్రటి ముద్దను రెండు వేళ్ల మధ్య నలిపాడు. ఆ పని తెలిసినవాడికి ఒక్క మాట కూడా అదనంగా అక్కర్లేదు.

"ముప్పై అయిదు సరిపోయిందా?" అని అడిగాడు. చిన్నపిల్లవాడు పరీక్ష పాసయ్యానా అని అడిగినట్టు అడిగాడు.

"సరిపోయిందన్నా. నువ్వు పెట్టింది సరింగానే ఉండె."

తిప్పేష్ ముందు సీటు కడ్డీకి నుదురు ఆనించి ఏడ్చాడు. ముప్పై ఎనిమిదేళ్ల మగవాడు బస్సులో అందరి ముందూ ఏడుస్తుంటే, పక్క సీటులోని ముసలాయన మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

"ఏమమ్మా, దిగేదా, పోయేదా? ఈడ సంసారాలు తేల్చుకుంటే బస్సు రేపు పోతాది" అని అరిచాడు కండక్టరు.

"దిగుతాండాం అన్నా, దిగుతాండాం" అని జయంతి సంచి అందుకుంది.

కిందికి దిగాక తిప్పేష్ ముఖం తుడుచుకున్నాడు. "సోమారం దివాకర్ సారుతో ఇద్దరమూ చెప్తాం. నువ్వు ఒక్కదానివే చెప్పొద్దు. బొట్టు సంగతి నేనూ చెప్పలేదు కదా ఎవురికీ, రాడ్డు మీద పెట్టగూడదని. అది చెప్పాల్సింది నేను." రెండడుగులు వేసి ఆగాడు. "అంజికి ఎట్ల చెప్తావు ఇది?"

"చెప్పేసినా అన్నా. వాడే నన్ను పంపించినాడు. నీ కాళ్లు పట్టుకుంటానన్యాడు."

తిప్పేష్ ముఖంలో అప్పుడే వచ్చిన వెలుగు ఆరిపోయింది.

"అరిచినాడా? తిట్టినాడా?"

"లేదు. ఒక్క మాట అన్లేదు. నా చేత్తో ముద్ద తిన్యాడు."

"వాన్ని ఒక్కన్నే ఇడిచిపెట్టి వచ్చినావా?"

అడుగుతూనే అతను నడక మాని పరుగు అందుకున్నాడు. సంచి ఆమె చేతిలోనే ఉండిపోయింది. ఎండలో రోడ్డు మీద జనం తప్పుకుంటుంటే, ఆమె అతని వెనకే చెప్పులు జారిపోతున్నా ఆగకుండా పరుగెత్తింది.

ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంది. గది ఊడ్చి ఉంది. ఒంటి చేత్తో ఊడ్చినట్టు చెత్త ఒకే పక్కకు చేరి ఉంది. తిప్పేష్ పెరట్లోకి పోయి చూశాడు, గుడి వైపు పరుగెత్తి చూశాడు, వెనక్కి వచ్చాడు. జయంతి గది మధ్యలో నిలబడి, "అంజీ" అని ఒక్కసారి పిలిచింది. అంత చిన్న గదిలో రెండోసారి పిలవాల్సిన పని లేదు.

బయమ్మ తన గుమ్మంలోంచే చెప్పింది.

"పుట్టపర్తి రోడ్డుకు పోయినాడు కదమ్మే. యాడికప్పా అంటే, తిప్పేషన్నకు ఎదురు పోతాండా అన్యాడు. బస్టాండు ఇట్ల కదా అంటే నవ్వినాడు. ఆ పిల్లోడు నవ్వి ఎన్నాళ్లాయెనో అని నేను ఊరికే ఉంటి."

"ఎంతసేపాయె?" అని తిప్పేష్ అడిగాడు.

"అప్పటికి మూడు దాటినాది."

తిప్పేష్ పుట్టపర్తి రోడ్డు వైపు పరుగెత్తాడు. జయంతి కదల్లేదు. కదిలితే ఆ మధ్యలో తమ్ముడు వస్తాడేమోనని గుమ్మం పట్టుకుని అక్కడే నిలబడింది. పొద్దు వాలింది. సందులో దీపాలు పెట్టారు. తిప్పేష్ ఒక్కడే తిరిగి వచ్చాడు.

ఆంజనేయులు మళ్లీ రాలేదు, ఏమయ్యాడో ఎవరికీ తెలియలేదు. అతను ఇల్లు విడిచి పోయింది 2023 డిసెంబరు తొమ్మిదో తేదీ, శనివారం, మధ్యాహ్నం మూడు దాటాక.